సొరపేట రాతి పడవలు

సొరపేట సముద్రతీర గ్రామం కాదని ప్రభుత్వ రికార్డు చెబుతోంది. ఆ మాట రాసినవాణ్ణి నేనే. రాస్తున్నప్పుడు నా ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చెప్పులు రెండూ కెరటాల్లో కొట్టుకుపోయాయి. అయినా రాశాను. ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పాలంటే ఒకసారి స్వీడన్ దాకా వెళ్ళి రావాలి.

నా పేరు పట్నాయకుని లక్ష్మణమూర్తి. తీర సుస్థిరతా మండలిలో సూపరింటెండెంటుని. ఒడ్డు కోతకు గురికాకుండా చూడటం మా మండలి బాధ్యత. మా ఆఫీసు మాత్రం సముద్రానికి నూటపది కిలోమీటర్ల దూరంలో, రెండో అంతస్తులో ఉంది. ఇంతవరకు మా ఆఫీసుకు ఎలాంటి కోతా జరగలేదు.

సొరపేట ఉత్తరాంధ్ర ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు. ఒకప్పుడు ఏడు వీధులు. సముద్రం ఏటా కొంచెం కొంచెం తింటూ మూడు వీధుల్ని మింగేసింది. గరికిన కాసులమ్మ ఇల్లు నాలుగో వీధిలో ఉండేది. ఇల్లు అంగుళం కదలకుండానే మొదటి వీధిలోకి వచ్చేసింది. ఆవిడకు అరవై ఏళ్ళుంటాయి. ఎండు చేపలు అమ్ముతుంది. నెలకోసారి బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చి అర్జీ ఇచ్చేది. ఆవిడ వచ్చిన సంగతి మెట్ల మీద ఉండగానే మా అందరికీ తెలిసేది.

"బాబూ, గోడ ఎప్పుడేత్తారు?" అని అడిగేది.

"ఫైలు నడుస్తోందమ్మా."

"నడుత్తోందా. సముద్రం పరిగెడతంది బాబూ."

ఆవిడ అర్జీల ఫలమో, మా ఇంజనీరు పైడిరాజు పట్టుదలో గానీ, చివరికి నల్లరాతి బండలు మంజూరయ్యాయి. లారీల్లో వచ్చి సొరపేట రోడ్డు పక్కన గుట్టలుగా పడ్డాయి. ఇక వాటిని ఒడ్డు పొడవునా ఒకదానిమీద ఒకటి పేర్చడమే మిగిలింది. ఆ వారంలోనే మా మండలికి కొత్త కమిషనరుగా ధనుంజయ గారు వచ్చారు.

ధనుంజయ గారు బండల ఫైలు తెరిచి, చాలాసేపు చదివి, కళ్ళజోడు తీశారు.

"రాయి మీద రాయి పెట్టడం ఆదిమ మానవుడు కూడా చేశాడు, మూర్తిగారూ. అంతర్జాతీయ అనుభవాలను సమగ్రంగా అధ్యయనం చేయకుండా ముందుకు పోవడం సమంజసం కాదు."

అధ్యయనానికి స్వీడన్ ఎంపికైంది. అక్కడ సముద్రం ఏటేటా వెనక్కి పోతోందని ఆయన ఎక్కడో చదివారు. ఆయన వెళ్ళారు. ఫైళ్ళు మొయ్యడానికి, నోట్సు రాయడానికి నేను వెళ్ళాను. గోడ కట్టవలసిన పైడిరాజు వెళ్ళలేదు. అతనికి స్థానిక అనుభవం ఉన్నందువల్ల అంతర్జాతీయ అనుభవం అవసరం లేదని నోట్ ఫైలులో రాశారు.

స్వీడన్ పడమటి వైపు ఒక పల్లె బయట మమ్మల్ని తిప్పి చూపించినావిడ పేరు సిగ్బ్రిట్. డెబ్బై దాటిన మనిషి. పొట్టి జుట్టు, రబ్బరు బూట్లు, చేతిలో నీళ్ళ సీసా. చుట్టూ గోధుమ చేలు. చేల మధ్య ఏనుగు వీపులాంటి నున్నటి బండ ఒకటి పడుకుని ఉంది. ఆవిడ దానిమీద నీళ్ళు పోసింది. బండ నల్లబడి, దాని మీద గీతలు తేలాయి. పడవలు. ఒకటి కాదు, ఇరవై దాకా ఉన్నాయి. కొసలు పైకి వంగిన పడవలు, లోపల మనుషులకు బదులు వరసగా నిలువు గీతలు.

"మూడు వేల ఏళ్ళ కిందట ఇవి చెక్కినవాళ్ళు ఇక్కడ నీళ్ళ అంచున కూర్చుని చెక్కారు. ఈ చేలన్నీ అప్పుడు సముద్రం," అంది.

"ఇప్పుడు సముద్రం ఎక్కడుంది?" అని కమిషనర్ గారు అడిగారు.

ఆవిడ పడమటికి చెయ్యి చూపించింది. అక్కడ సముద్రం కనబడలేదు. ఒక చర్చి, కొన్ని ఆవులు కనబడ్డాయి. కార్లో ఐదు కిలోమీటర్లు వెళితే గానీ నీళ్ళు రాలేదు.

దారిలో ఆవిడ కారణం చెప్పింది. వేల ఏళ్ళ కిందట ఆ దేశమంతా కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండేదట. ఆ బరువుకు నేల కుంగిపోయింది. మంచు కరిగాక, పరుపు మీంచి మనిషి లేస్తే పరుపు పైకి వచ్చినట్టు, నేల మెల్లగా పైకి లేస్తోంది. ఇప్పటికీ లేస్తూనే ఉంది. నేను అంతా రాసుకున్నాను. కమిషనర్ గారు అప్పుడు వెనక సీట్లో నిద్రపోతున్నారు.

తిరిగి వచ్చాక పర్యటన నివేదిక తయారు చేశాను. ఏ నివేదికైనా ఒక పేజీ దాటకూడదని కమిషనర్ గారి నియమం. మంచు గురించిన పేరా రెండో పేజీలోకి జారుతోంది. అక్షరాలు చిన్నవి చేసి చూశాను, అంచులు తగ్గించి చూశాను. అప్పటికీ జారుతోంది. ఆ పేరా తీసేశాను. మిగిలిన చివరి వాక్యం ఇది: "పడవలు చెక్కిన చోట సముద్రం ఐదు కిలోమీటర్లు వెనక్కి వెళ్ళినది." అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. తర్వాత చాలా రోజులు నాకు నేను అదే చెప్పుకున్నాను.

కమిషనర్ గారు ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, అత్యవసర సమావేశం పెట్టారు.

"మన శాఖ ఇన్నేళ్ళుగా సముద్రాన్ని ఆపాలని చూస్తోంది. ఆపడం కాదు, పంపించడం కావాలి. దానికి మూడు వేల ఏళ్ళుగా రుజువైన విధానం ఉంది," అన్నారు.

పైడిరాజు మెల్లగా చెయ్యి ఎత్తాడు. "సార్, పడవలు చెక్కకపోయినా అక్కడ సముద్రం వెళ్ళేదేమో."

"పడవలు చెక్కని చోట వెళ్ళినట్టు మీ దగ్గర ఆధారం ఉందా?"

"పడవలు చెక్కని చోటికి మీరు వెళ్ళలేదు కద సార్."

"అంటే ఆధారం లేదన్నమాట."

ఇంజనీరింగ్ విభాగం ఏకీభవించినదని మినిట్స్‌లో రాయమన్నారు. రాశాను. ఆ తర్వాత ఆయనే బోర్డు మీద లెక్క వేశారు. ఇరవై పడవలకు మూడు వేల ఏళ్ళు పట్టింది. ఇరవై వేల పడవలు చెక్కితే మూడేళ్ళు చాలు. గుమాస్తాలందరూ లెక్క సరిచూశారు. లెక్కలో తప్పు లేదు.

గోడ కోసం వచ్చిన బండల్ని పడవల పథకానికి మళ్ళిస్తూ ఉత్తర్వు వెలువడింది. బండలు ఒడ్డు మీద విడివిడిగా, బొమ్మ పైకి కనబడేలా పరచాలి. ఒకదానిమీద ఒకటి పెట్టరాదు. "కనబడని బొమ్మకు సముద్రం ఎలా స్పందిస్తుంది?" అని కమిషనర్ గారు పైడిరాజునే అడిగారు. పైడిరాజు ఆ సాయంత్రం సెలవు చీటీ పెట్టాడు.

చెక్కడానికి కడప వైపు నుంచి మౌనాచారి అనే శిల్పి ముప్పైమంది పనివాళ్ళతో వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. బుద్ధి తెలిసినప్పటి నుంచి దేవుళ్ళనే చెక్కాడు. స్వీడన్‌లో తీసిన ఫొటోలు ఇచ్చి అచ్చం అలాగే చెక్కమన్నాం. నేను తనిఖీకి వెళ్ళిన మొదటి రోజున కాసులమ్మ ఆయన పక్కనే గొంతుక్కూర్చుని చూస్తోంది.

"ఇదేటి బాబూ?"

"పడవంటమ్మా."

"పడవా. జెర్రిలాగుందే."

మౌనాచారి ఉలి కింద పెట్టి బొమ్మను తేరిపార చూశాడు. "నాకూ అట్లనే అనిపిచ్చింది. నేను సముద్రం సూడ్డమే ఇది మొదులు. పడవ యెట్లుంటాదో నాకేం దెల్సు? కాయితంలో యెట్లుంటే అట్ల కొడతాండా."

కాసులమ్మ తడి ఇసకలో వేలితో ఒక పడవ గీసింది. నిజమైన పడవ, వాళ్ళ ఊరి నావ. ఎక్కడ పలక చేరుతుందో, తెడ్డు ఎక్కడ ఆనుతుందో చెబుతూ గీసింది. మౌనాచారి మరునాడు ఒక బండ మీద దాన్ని చెక్కాడు. ఊరంతా వచ్చి చూసింది. ఒకాయన ఆ రాతి పడవ ముందు కొస, అణియం మీద చెయ్యి పెట్టి, అది మునిగిపోయిన తన తమ్ముడి పడవలా ఉందన్నాడు.

నాణ్యతా తనిఖీ బృందం దాన్ని తిరస్కరించింది. స్కాండినేవియా ప్రమాణాలకు అనుగుణంగా లేదు. స్థానిక నమూనాల వల్ల సముద్రం అయోమయంలో పడే అవకాశం ఉన్నది. ఆ బండను బొమ్మ కిందికి వచ్చేలా తిప్పేయమన్నారు. మౌనాచారి తిప్పించాడు. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా జెర్రులే చెక్కాడు.

నాకు నిద్ర పట్టడం మానేసింది. ఎవరికీ చెప్పకుండా సిగ్బ్రిట్‌కు ఉత్తరం రాశాను. పడవలు చెక్కితే సముద్రం వెనక్కి పోతుందా, దయచేసి మీ కాగితం మీద రాసి ఇవ్వండి అని. ఆవిడ జవాబు వెంటనే వచ్చింది. "పోదు. చెక్కినవాళ్ళు సముద్రాన్ని పంపించాలనుకోలేదు, అది వాళ్ళకు అన్నం పెట్టేది. మా నేల లేచింది మంచు కరిగినందువల్ల. మీ ఊరికి ఒక మంచి గోడ కట్టండి," అని రాసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఉత్తరం తెలుగులోకి మార్చి, ఫైలులో పెట్టి, కమిషనర్ గారి బల్ల మీద ఉంచాను.

ఆయన రెండుసార్లు చదివారు. ఆయన ముఖం మారింది. గెలిచాననే అనుకున్నాను.

"ఇంత ముఖ్యమైన సాంకేతిక అంశం మీ నివేదికలో ఎందుకు లేదు?" అన్నారు.

"పేజీ చాల్లేదు సార్."

"మన పథకంలో లోటు ఏమిటో ఇప్పుడు తెలిసింది. మంచు."

మరుసటి సోమవారం నుంచి పక్క పట్నంలోని ఐసు ఫ్యాక్టరీ లారీలు సొరపేటకు రావడం మొదలయ్యాయి. ఐసు దిమ్మల్ని బండల మధ్య ఇసక మీద పేర్చి కరగనివ్వాలి. కరిగాక నేల ఎంత లేచిందో స్కేలు పెట్టి కొలవాలి. మొదటి లారీ దిగిన అరగంటకే ఊళ్ళో ఆడవాళ్ళు బుట్టలతో వచ్చి దిమ్మలు పట్టుకుపోయారు. ఆ నెలంతా సొరపేట చేప ఒక్కటి కూడా పాడవలేదు. మా మండలి పెట్టిన ఇన్నేళ్ళలో ఆ ఊరికి జరిగిన మేలు అదొక్కటే. అది కూడా ఎక్కువ రోజులు సాగలేదు. కరగవలసిన మంచును చేపల మీద కరిగిస్తున్నారని తెలిసి, కమిషనర్ గారు ఊరికి తాఖీదు పంపారు. నేల లేవకపోవడానికి ప్రజల సహాయనిరాకరణే కారణమని అందులో ఉంది.

వేసవికి మూల్యాంకనం వచ్చింది. పథకం ఫలించిందో లేదో తేల్చడానికి ముగ్గురు సభ్యుల బృందం. నేను కార్యదర్శిని. మాకిచ్చిన ప్రొఫార్మాలో గడి ఒకటే: "ఒకటో నంబరు శిలకూ, సముద్రపు ఒడ్డుకూ మధ్య దూరం." లక్ష్యం ఏడాదికి యాభై మీటర్లు.

మేం వెళ్ళేసరికి ఒకటో నంబరు శిల ఒడ్డున లేదు. సముద్రంలో ఉంది. ఒడ్డు వెనక్కి జరిగి ముందు వరసలు నలభైదాకా నీళ్ళలో కలిసిపోయాయి. కాసులమ్మ అరుగు మెట్లు రెండు విరిగి ఇసకలో వేలాడుతున్నాయి. సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందులో పెద్దాయన టేపు తీయమన్నాడు. ఒక జాలరి పడవ మీద ఒక కొస తీసుకుని వెళ్ళి, నీళ్ళలోకి కాలు జాపి, తగిలిన బండ మీద నిలబడ్డాడు. రెండో కొస పట్టుకుని నేను నీటి అంచున నిలబడ్డాను. కెరటం వచ్చి మోకాళ్ళు తడిపింది, చెప్పులు లాక్కుపోయింది.

"ఎంత?" అన్నాడు పెద్దాయన.

"అరవై రెండు మీటర్లండి. అయితే శిల నీళ్ళలో ఉందండి."

"శిలకూ ఒడ్డుకూ మధ్య దూరం ఎంతన్నారు?"

"అరవై రెండు."

"లక్ష్యం?"

"యాభై."

"రాయండి."

"ఏ వైపో రాయాలి కదండీ."

ఆయన ప్రొఫార్మాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "వైపుకు గడి ఎక్కడుంది?" అన్నాడు.

గడి లేదు. నేను రాశాను. లక్ష్యానికి మించి సముద్రం దూరమైన ఊరిని నిబంధనల ప్రకారం తీరేతర గ్రామంగా ప్రకటించాలి. అదీ రాశాను. మూడు సంతకాలు పడ్డాయి. నాలుగోది నాది. కమిషనర్ గారికి శాలువా కప్పారు. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. మౌనాచారిని పదకొండు వేల పడవల దగ్గరే ఆపేసి, మిగతావి అవసరం లేదని పంపించేశారు.

తీరేతర గ్రామానికి కొన్ని ఉండవు. వేట నిషేధ కాలపు భత్యం ఉండదు. పడవలకు డీజిలు రాయితీ ఉండదు. తుపాను హెచ్చరిక మైకు ఉండదు. సముద్రమే లేని ఊళ్ళో సముద్రం గురించి హెచ్చరించడం ప్రజల్ని భయభ్రాంతులకు గురిచేయడమవుతుందని ఉత్తర్వు. జూన్‌లో మనుషులు వచ్చి స్తంభం మీద మైకు విప్పి తీసుకుపోయారు.

ఆ అక్టోబరులో వాయుగుండం వచ్చింది. ఒడ్డు వెంట అటూ ఇటూ ఉన్న ఊళ్ళన్నిట్లో మైకులు మోగాయి. సొరపేటలో మోగలేదు. కాసులమ్మ మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి నీళ్ళ రంగు చూసిందట. పీతలు ఇసకలోంచి బయటికొచ్చి ఊరి వైపు పరిగెడుతుంటే చూసిందట. గంటె పెట్టి గిన్నె మోగిస్తూ నాలుగు వీధులూ తిరిగి అందర్నీ రోడ్డు అవతల బడికి తోలింది. ముసలాళ్ళను మోసుకుని వెళ్ళారు. వాళ్ళ ప్రాణాలు దక్కడానికి ఆ గిన్నే కారణం. మా మండలికి అందులో పాత్ర లేదు. సాయంత్రానికి నలభై మూడు ఇళ్ళు పోయాయి. కాసులమ్మది మొదటిది.

మూడో రోజు నష్టం రాసుకోవడానికి నన్ను పంపారు. ఇల్లు ఉండవలసిన చోట ఒక ఇనప పెట్టె మీద ఆవిడ కూర్చుని ఉంది.

"నువ్వే రాసావంట గదా బాబూ, మా ఊరికి సముద్రం లేదని?"

"నేనే రాశానమ్మా."

"ఎందుకు రాసావు?"

దీనికి నా దగ్గర ప్రొఫార్మా ఉంది, గడి ఉంది, సంతకాలున్నాయి. వాటిని పక్కన పెట్టాను. "తెలిసే రాశాను," అన్నాను.

ఆవిడ నా చేతిలోని కాగితాల వైపు చూసింది. తిడితే బాగుండుననిపించింది. "సరే, ఇప్పుడేటి రాత్తావు?" అంది.

నా చేతిలో ఉన్నది తీరేతర గ్రామాల నష్టపరిహార పత్రం. అందులో సముద్రం లేదు, తుపాను లేదు, ఉప్పెన లేదు. ఇల్లు ఎలా పోయిందో రాయడానికి నాలుగు కారణాలున్నాయి. ఆవిడకు చదివి వినిపించాను. అగ్నిప్రమాదం, పిడుగుపాటు, కొండచరియ, అడవి ఏనుగుల దాడి.

"మన వైపు కొండ లేదు. తడిసిన ఇంటికి అగ్గి ఎలా అంటుకుంటాది? పిడుగు నలభై మూడిళ్ళ మీద పడదు," అని ఆవిడ ఒక్కొక్కటీ వేలు ముడిచింది. "ఏనుగులైతే మందగా వత్తాయి. మన్నెం కాడ దిగుతున్నాయని మా మరిది సెప్తుంటాడు. తొక్కితే గోడ మిగల్దు. అదే రాయి."

"ఏనుగులని రాయమంటావా?"

"నువ్వు రాసిన దాంట్లో ఇదొక్కటేనా అబద్దం?"

రాశాను. నలభై మూడు పత్రాల్లోనూ అడవి ఏనుగుల దాడి అని రాశాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను సిగ్గుపడకుండా రాసిన కాగితాలు బహుశా అవే.

ఏనుగులంటే అటవీ శాఖ వాళ్ళు రావాలి. వారానికి రేంజి అధికారి సన్యాసిరావు గారు జీపులో వచ్చారు. నెరిసిన మీసాలు, తక్కువ మాట్లాడే మనిషి. కూలిన ఇళ్ళన్నీ తిరిగి చూశారు. గోడలకు పట్టిన ఉప్పు వేలితో గీకి చూశారు. ఒక చూరుకు చిక్కుకున్న నాచును చూశారు. తర్వాత ఊరి వాళ్ళ ముందు నిలబడి పుస్తకం తెరిచారు.

"అడుగుల గుర్తులు?"

"వానకి పోనాయి బాబూ," అంది కాసులమ్మ.

"ఎన్ని ఏనుగులు?"

"లెక్కెట్టలేదు. ఒకదానెనకాల ఒకటి వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టు ఎనక్కెళ్ళి మళ్ళీ వచ్చాయి."

"ఏ దిక్కు నుంచి వచ్చాయి?"

ఊరంతా ఒక్కసారిగా తూర్పుకు చెయ్యి చూపించింది. అటు సముద్రం తప్ప ఇంకేమీ లేదు. సన్యాసిరావు గారు అటు తిరిగారు. కెరటాలు నాలుగైదు వచ్చి విరిగాయి. ఆయన టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏనుగులు ఈదుతాయి," అని పుస్తకంలో రాసుకున్నారు. "మళ్ళీ వచ్చే అవకాశం ఉందా?"

"పున్నానికీ అమాసకీ కచ్చితంగా వత్తాయి."

ఆయన నివేదిక ప్రకారం సొరపేట ఏనుగుల దాడికి తీవ్రంగా గురయ్యే గ్రామం. అలాంటి ఊరికి ఏనుగులు వచ్చే దిక్కున రాతి గోడ కట్టాలి. రెండు నిలువుల ఎత్తు, లోతైన పునాది, ఏనుగు నెట్టినా జారకుండా ముందుకు వాలు. ఆ నమూనా చూసి, సెలవు నుంచి తిరిగొచ్చిన పైడిరాజు కళ్ళు తుడుచుకున్నాడు. రెండేళ్ళ కిందట అతను గీసిన సముద్రపు గోడ అచ్చం అదే.

రాళ్ళ కోసం అటవీ శాఖ నుంచి మా మండలికి ఉత్తరం వచ్చింది. సముద్రం పంపివేత విజయవంతంగా ముగిసినందున మిగిలిన శిలలు నిరుపయోగమని, తీసుకుపోవచ్చని కమిషనర్ గారు సంతోషంగా సంతకం చేశారు. పైడిరాజు దగ్గరుండి కట్టించాడు. నీళ్ళలోకి పోగా మిగిలిన పడవల బండలన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. జెర్రులు జెర్రుల మీద పడుకున్నాయి. గోడ పూర్తయ్యాక ఊరి వైపు ఒక బోర్డు నాటారు. సముద్రం వైపు ఒకటి నాటారు. రెండింటి మీదా ఒకటే రాసి ఉంది: "ఏనుగులు తిరుగు ప్రదేశము. దగ్గరకు పోరాదు."

మండలి పరిధి దాటి ఏనుగుల్ని ప్రోత్సహించినందుకు నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను. నచ్చలేదు. శిక్షగా సొరపేటలోనే శిలల సంరక్షకుడిగా వేశారు. గోడ పక్కనే రేకుల గది. రెండు కుర్చీలు, ఒక రిజిస్టరు.

గోడ కట్టడమే కాదు, ఏటేటా మరమ్మతు కావాలి. మరమ్మతు జరగాలంటే ఏనుగులు వస్తున్నట్టు ప్రతి నెలా రుజువు ఉండాలి. రాకపోతే గోడ అనవసరమని రాళ్ళు తరలించేస్తారు. అందుకని రిజిస్టరు నేనే రాస్తాను.

మొన్న అమావాస్య పోటుకు పగలు పదకొండు గంటలప్పుడు సముద్రం బాగా పొంగింది. గోడ మీదుగా తుంపర్లు లేచి రేకుల మీద పడ్డాయి. కాసులమ్మ చేపల గంప దించి వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది. కెరటం గోడను గుద్దినప్పుడల్లా నేల సన్నగా అదిరింది.

"ఎన్ని రాసావు?" అని అడిగింది.

"నలభై."

ఆవిడ బయటికి తొంగిచూసి, కాసేపు విని, లోపలికి వచ్చింది.

"ఇంకో పది వెయ్యి. దచ్చిణం మూల ఓ రాయి కదిలింది. పెద్ద మగ ఏనుగొకటి గుద్దిందని రాయి. రేపే మేస్త్రీ రావాల."

నేను రాశాను. ఆవిడ నా భుజం మీదుగా వంగి, చదవడం రాకపోయినా, సంతకం పెట్టేదాకా చూసింది.